నేరస్తుడెవరో తెలిసినా మళ్ళీ ఎందుకు చదువుతామంటే

సీసీ కెమెరాలు, డీఎన్‌ఏ టెస్టులు వచ్చేశాక, పైగా హంతకుడెవరో ముందే తెలిసిపోయాక, ఆ పాత డిటెక్టివ్ కథల్లో ఇంకా ఏముంటుందని కదా మీ ప్రశ్న. నేను చదివిన కథనే రెండోసారి చదివి ఎక్కువ సంతోషపడతాను కాబట్టి చెబుతున్నా.

1892లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ కథ ‘సిల్వర్ బ్లేజ్’ తీసుకోండి. రేసు గుర్రం మాయమవుతుంది, దాని ట్రైనర్ శవమై కనిపిస్తాడు. అందరూ అందులో మొరగని కుక్క గురించే చెబుతారు గానీ నాకు మాత్రం అందులోని మటన్ కూర ఆధారం ఇష్టం. గుర్రానికి కాపలా ఉన్న కుర్రాడికి ఆ రాత్రి కూరలో నల్లమందు కలిపి పెట్టారు. నల్లమందుకి ఒక రుచి ఉంటుంది, మామూలు తిండిలో కలిపితే నోట్లో పెట్టుకోగానే తెలిసిపోతుంది, మసాలా కూరలో అయితే తెలియదు. మా ఎనిమిదో క్లాసు అమ్మాయికి ఈ కథ తెలుగులో చెబుతూ ఇక్కడ ఆపాను. కాసేపు ఆలోచించి, “అయినా అమ్మా, ఆ రోజు కూరే వండాలని అనుకున్నది ఎవరు? బయటివాడికి ఆ ఇంట్లో ఏం వండుతారో ఎలా తెలుస్తుంది?” అంది. ఎంత గర్వపడ్డానో! పోలీసులు పట్టుకున్నది బయటివాడినే మరి. వెనక్కి తిప్పి చూస్తే కూర మాట మొదట్లోనే, మన కళ్ళ ముందే ఉంది.

అసలు ఆకర్షణ అదే. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారాలన్నీ పాఠకుడికీ దొరకాలని 1929లో డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ నియమాలే రాశాడు. అగాథా క్రిస్టీ 1926 నవల ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ రెండోసారి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, అన్నీ చెప్పేసే దాచింది ఆవిడ. ఎలాగో చెప్పను, చదవనివాళ్ళకి అన్యాయం.

కెమెరాల సంగతంటారా, మా అపార్ట్‌మెంట్‌లో ఓసారి పార్సిల్ పోతే ఫుటేజీ చూశాం, తీసుకెళ్ళిన మనిషి కనిపించాడు, అయిపోయింది. ఎవరూ బుర్ర పెట్టాల్సిన పనే పడలేదు.

తెలుగులో కావాలంటే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఉన్నారు. నాన్నగారు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చేవారు, అన్నం తింటూ కూడా వదిలేవారు కాదు. ఇప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకుతుంటాను, ఎప్పుడో గానీ దొరకవు, దొరికితే బేరం కూడా ఆడను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు హోమ్స్ చిన్న కథలతో మొదలుపెట్టండి. మొత్తం 56 ఉన్నాయి, మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్‌బీ నగర్ వచ్చేలోపు ఒకటి దాదాపు అయిపోతుంది. హోమ్స్ వివరించడం మొదలుపెట్టే ముందు మాత్రం ఒక్కసారి పుస్తకం మూసి, మీ అనుమానం ఎవరి మీదో, ఎందుకో, ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి.