కొండ కింద వంటకి ఏ కత్తి కొనాలి?

ప్రశ్న: అప్పా, మాది పలాస. కార్తీకమాసంలో ఐదుగురం స్నేహితులం మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కుదామని, ముందు రోజు రాత్రి కింద జీడితోటలో ఉండి వండుకుందామని అనుకుంటున్నాం. కార్తీకం కదా, అన్నీ కూరగాయలే, గుమ్మడికాయ, కంద కూడా ఉంటాయి. కత్తిపీట మోసుకెళ్లలేం. బ్యాగులో పట్టే గట్టి కత్తి ఒక్కటే చాలు. మడతపెట్టేది కొనాలా మామూలుదా, స్టీలుదా ఇనపదా?

జవాబు: తమ్ముడూ, కంద, గుమ్మడికాయ అన్నావు కాబట్టి మడత కత్తి వద్దు. మడత దగ్గర లాక్ లేనిదైతే గట్టిగా నొక్కినప్పుడు వేళ్ల మీదకే మూసుకుపోతుంది, లాక్ ఉన్నా ఆ సందులో కంద జిగురు, ఉల్లిపాయ తొక్క ఇరుక్కుంటాయి, చీకట్లో టార్చి పట్టుకుని కడగడం చాలా కష్టం.

మామూలు కత్తే కొను, కానీ కొనేముందు పిడిని పక్కనుంచి చూడు. రెండు చెక్కల మధ్యన ఇనుము గీతలాగా పిడి చివరి దాకా కనిపించాలి, రివిట్లు కనీసం రెండు ఉండాలి. ఇది ఎందుకు ఇంతలా చెప్తున్నానంటే, ఒకసారి తాటిపూడి రిజర్వాయరు దగ్గర వనభోజనాలకి వెళ్లినప్పుడు మా కత్తి గుమ్మడికాయలో సగం దిగాక నేను అటూ ఇటూ ఊపి లాగితే పిడి ఊడి నా చేతిలోకి వచ్చేసింది, రేకు కాయలోనే ఉండిపోయింది. తీరా చూస్తే పిడి లోపల ఇనుము బొటనవేలంత కూడా లేదు, మిగతాదంతా ప్లాస్టిక్. ముప్పై మందికి కూర అది, చివరికి కాయని బండకేసి పగలగొట్టుకున్నాం.

రేకు పొడవు ఐదారు అంగుళాలు చాలు. మూడు నాలుగు అంగుళాలది మిరపకాయలకి బాగుంటుంది గానీ గుమ్మడికాయకి అందదు, ఎనిమిది అంగుళాలది బ్యాగులో అడ్డం. వెన్ను మందం ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్ళకంటే కాస్త ఎక్కువ. అంతకన్నా మందమైతే కందని కోయదు, చీల్చేస్తుంది.

ఇక స్టీలా ఇనుమా అంటే, మన కమ్మరోళ్లు లారీ కమాను పట్టీతో చేసే కత్తి నిజంగా గట్టిది, పదును కూడా తొందరగా ఎక్కుతుంది, నాకూ అదే ఇష్టం. కానీ తుప్పు పడుతుంది, మనది సముద్రం గాలి కాబట్టి ఇంకా తొందరగా. టమాటా, నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే వంట అయ్యేలోపే నల్లమచ్చలు వస్తాయి. కోసిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నువ్వులనూనె చుక్క రాసే ఓపిక మీ ఐదుగురిలో ఒక్కడికైనా ఉంటే అదే చేయించుకో, లేదంటే స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకో. దాన్ని కూడా తడిగా ఒరలో పెట్టకు.

దేంతోనైనా కొబ్బరికాయ మాత్రం కొట్టకండి, అంచు పెచ్చు లేచిపోతుంది. కాయని రాయి మీద కొట్టుకోండి.

వెళ్లే ముందు రోజు సానరాయి మీద రెండు వైపులా సాన పట్టి పండిన టమాటా మీద పెట్టి చూడు, నొక్కకుండానే తొక్క తెగాలి. అక్కడ మొండిబారితే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున నునుపు లేని గరుకు అంచు ఉంటుంది చూడు, దాని మీద నాలుగైదు సార్లు మెల్లగా లాగితే ఆ పూటకి సరిపోతుంది.

కత్తికి ఒర రాకపోతే దళసరి అట్టముక్క రెండు మడతలు పెట్టి టేపు చుట్టు, మొన వైపు ఇంకో రెండు చుట్లు ఎక్కువ వెయ్యి. బ్యాగులో పై జేబులో కాకుండా గిన్నె లోపల పెట్టుకో, ఎందుకంటే పై జేబులోకి చెయ్యి చూడకుండా పెట్టేస్తాం.