బాపుతో పాటు అమ్మ నడుము కూడా కొలువు

బాపుకి, అమ్మకి ఇద్దరికీ మెటబాలిక్ సిండ్రోమ్ (నడుము కొవ్వు, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వు లాంటివి కొన్ని కలిసి గతి తప్పడం) అని చెప్పారని, బాపు గుండె గురించే భయంగా ఉందని, అమ్మకి అంత ప్రమాదం ఉండదు కదా అని అడిగావు. అమ్మకీ ఉంటుంది బిడ్డా. మాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది, అందుకే రాస్తున్నా.

మాది హనుమకొండ. ఆరేళ్ల కింద మా సారుకి ఛాతీ నొప్పి వచ్చి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఇంట్లో పథ్యమంతా ఆయనకే. ఆయనకి జొన్నరొట్టె చేసిపెట్టి, మిగిలిన అన్నం పారేయబుద్ధి కాక నేను తినేదాన్ని. ఏడాది తిరిగేసరికి భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే ఆయాసం వచ్చి నడిమధ్యలో ఆగిపోయేదాన్ని. ఛాతీలో నొప్పి లేదు. దవడ గుంజేది, వీపులో బరువుగా ఉండేది. ముట్లు ఆగిన వయసు, గ్యాస్ అయ్యుంటుంది అన్నారు ఒక దవాఖానాలో. నేనూ నమ్మాను. ఎనిమిది నెలలు అట్లనే గడిచిపోయాయి.

తర్వాత చూసిన డాక్టరమ్మ ముందు టేపు తీసి నడుము కొలిచింది. 92 సెంటీమీటర్లు. మన దగ్గర మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 వస్తేనే ఎక్కువ కింద లెక్క. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 150, బీపీ 130/85, పరగడుపు షుగర్ 100, వీటిలో ఏదైనా అంతకు చేరినా, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 కన్నా తగ్గినా ఒక్కోటి లెక్కలోకి వస్తుంది. నడుముతో కలిపి ఐదింటిలో మూడుంటే ఈ సిండ్రోమే. నాకు నాలుగున్నాయి. విడిగా చూస్తే ఏదీ భయపెట్టేంత లేదు, అన్నీ ‘కొంచెం ఎక్కువే’.

పొట్టలో పేరుకున్న కొవ్వు వల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదట. రక్తంలో కొవ్వు పెరిగి, చెడ్డ కొలెస్ట్రాల్ సన్నటి రేణువులై రక్తనాళం గోడలోకి దూరుతుంది. లోపలి పొర దెబ్బతిని, నాళం వదులు కావాల్సినప్పుడు కాదు, మెల్లగా బిరుసెక్కుతుంది. ఆ బిరుసు నాళాల్లోకి రక్తం నెట్టీ నెట్టీ గుండె గోడ మందమవుతుంది.

ముట్లు ఆగేదాకా ఆడవాళ్లకి కొంత రక్షణ ఉంటుంది. షుగర్ వస్తే ఆ రక్షణ చాలావరకు పోతుంది. మగవాళ్లకి సాధారణంగా ఆడవాళ్ల కన్నా చిన్న వయసులోనే పెద్ద నాళాల్లో బ్లాక్ వస్తుంది. ఆడవాళ్లలో కొందరికి పెద్ద బ్లాక్ కనపడకపోయినా సన్నటి నాళాలు దెబ్బతింటాయి. నా ఎకోలో (గుండె స్కానింగ్‌లో) గుండె పంపింగ్ బాగానే ఉంది, కానీ గోడలు గట్టిపడి పూర్తిగా వదులు కావట్లేదు. ఆయాసం దానివల్లే.

అమ్మకి నువ్వు కడుపులో ఉన్నప్పుడు షుగర్ గానీ బీపీ గానీ వచ్చిందేమో అడుగు. వస్తే డాక్టర్‌కి తప్పక చెప్పు. ఆయాసం, దవడ నొప్పి, చెమటలు ఒక్కసారిగా వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోబెట్టకు, 108కి ఫోన్ చెయ్యి.

‘నాకేం లేదు, మీ బాపుని చూడు’ అంటుంది అమ్మ. నేనూ అదే అన్నాను. అయినా ఈసారి బాపు చెకప్‌కి పోయేటప్పుడు ఆమెని కూడా పరగడుపున తీసుకుపో.