క్లాసంతా మెషిన్ లెర్నింగ్ అంటోంది, నేనేం తీసుకోవాలి?

ప్రశ్న: మేడమ్, నేను నల్గొండలో బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది చదువుతున్నాను. మాది దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాల బత్తాయి తోట మీదే ఇల్లు గడుస్తుంది. వచ్చే సెమిస్టర్‌కు ఒక ఎలక్టివ్ ఎంచుకుని నెలాఖరులోగా ఫారం ఇవ్వాలి. మెషిన్ లెర్నింగ్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, కంప్యూటర్ గ్రాఫిక్స్ ఉన్నాయి. క్లాసులో దాదాపు అందరూ మెషిన్ లెర్నింగే రాస్తున్నారు, అది లేకపోతే ఉద్యోగం రాదంటున్నారు. నాకు ఈసారి ఆపరేటింగ్ సిస్టమ్స్ బాగా నచ్చింది. ఎం1 (మొదటి ఏడాది మ్యాథ్స్) మాత్రం సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఎంటెక్ సీటు కోసం గేట్ పరీక్ష రాయాలని కూడా ఉంది. నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: అమ్మా, వచ్చే సెమిస్టర్‌కు డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ రాయి. చాలా కంప్యూటర్లు ఒకదానికొకటి కబురు పంపుకుంటూ కలిసి పనిచేయడం గురించిన సబ్జెక్టు అది. ఆపరేటింగ్ సిస్టమ్స్ నచ్చిందని నువ్వే రాశావు. అది నచ్చినవాళ్లకు తర్వాతి మెట్టు ఇదే.

మాది మిర్యాలగూడ. మా నాన్న రైస్ మిల్లులో గుమస్తా. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు తీరేవి. నాన్న టోకెన్లు రాస్తుంటే నేను పక్కన కూర్చునేదాన్ని. కాంటా మీదికి పెద్ద లారీ ఎక్కిందంటే, వెనకాల పది బస్తాలు తెచ్చిన ఆటో కూడా గంటలకొద్దీ ఆగాల్సిందే. ఏ పని ముందు, ఏది తర్వాత అని కంప్యూటర్ తేల్చుకునే షెడ్యూలింగ్ పాఠంలో నువ్వు చదివిన కాన్వాయ్ ఎఫెక్ట్ అదే. అయితే అది ఒకే గేటు, ఒకే టోకెన్ పుస్తకం ఉన్న మిల్లు.

అదే మిల్లుకు రెండు గేట్లు, ఇద్దరు గుమస్తాలు ఉన్నారనుకో. ఒకరి గడియారం నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది. ఏ ట్రాక్టర్ ముందొచ్చిందో ఎలా తేలుస్తావు? కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన పరిశోధనా పత్రం ఈ చిక్కు గురించే. ఒకే గేటు దగ్గర జరిగినవాటి వరస ఆ గుమస్తాకు తెలుసు. గేట్ల మధ్య అయితే కబురు పంపడం ముందు, అందుకోవడం తర్వాత. గడియారాన్ని పక్కనపెట్టి ఈ రెండు ఆధారాలు పట్టుకుని వరస కట్టవచ్చని ఆయన చూపించాడు. వేర్వేరు గేట్ల దగ్గర జరిగిన రెండు సంఘటనల మధ్య ఏ కబురూ నడవకపోతే ఏది ముందో ఆ ఆధారాలతో చెప్పలేం. కానీ అందరూ ఒప్పుకునే వరస ఒకటి పెట్టుకోవచ్చు. ఇది మొదటిసారి అర్థమైన రోజు నాకు నాన్న టోకెన్ పుస్తకమే కళ్ల ముందు మెదిలింది.

యూపీఐలో డబ్బులు కట్ అయి అవతలివాళ్లకు చేరకపోవడం నువ్వూ చూసే ఉంటావు. రెండు బ్యాంకుల కంప్యూటర్ల మధ్య ఎక్కడో కబురు తెగి ఉండొచ్చు. అందిందో లేదో పంపినవాళ్లకు తెలియదు. ఏ జాగ్రత్తా లేకుండా మళ్లీ పంపితే రెండుసార్లు కట్ కావచ్చు. ఆ జాగ్రత్త ఎలా తీసుకోవాలో నేర్పే సబ్జెక్టు ఇది.

నేను మూడో ఏడాదిలో దీన్ని వదిలేశాను. సీనియర్లు 'మార్కులు బాగా పడతాయి' అన్న సబ్జెక్టు, నా బెంచీలో నలుగురూ రాసిందే నేనూ రాశాను. తర్వాత హైదరాబాద్‌లో చేరిన మొదటి ఉద్యోగంలో రెండు సర్వర్ల రికార్డులు తారుమారవుతుంటే కారణం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. గడియారాల తేడా అని ఒక పెద్దాయన చూడగానే చెప్పాడు. ఆ సాయంత్రం హాస్టల్‌కు వెళ్లి ఏడ్చాను. పద్నాలుగేళ్లుగా పాఠం చెప్తున్నాను, ఎలక్టివ్ ఫారాలు వచ్చినప్పుడల్లా ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

మెషిన్ లెర్నింగ్ వద్దనడం లేదు. ఎం1 గట్టిపడకుండా వద్దంటున్నాను. లైబ్రరీని, అంటే ముందే ఎవరో రాసిపెట్టిన కోడ్‌ను, పిలిచి రెండు లైన్లు రాస్తే ఏదో ఒక జవాబు వస్తుంది, అది తప్పయితే ఎందుకు తప్పో తెలియాలంటే మాత్రికలు, ప్రాబబిలిటీ, పార్షియల్ డెరివేటివ్స్ కావాలి. ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. మీ తోటలో ఆరు బత్తాయి చెట్ల మొదళ్ల చుట్టుకొలత టేపుతో కొలువు. ఒక్కో చెట్టుకు ఎన్ని కాయలు కాశాయో నాన్నను అడిగి రాసుకో. ఆ ఆరు చుక్కలకు దగ్గరగా పోయే గీతను లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో (చుక్కలకూ గీతకూ ఉన్న తేడాల వర్గాల మొత్తం అన్నిటికన్నా తక్కువయ్యేలా) కాగితం మీద లెక్కగట్టు. తర్వాత అదే పైథాన్‌లో, లైబ్రరీ వాడకుండా రాయి. ఆ లెక్క చేస్తుంటే అన్నం సంగతి మర్చిపోయావంటే మెషిన్ లెర్నింగ్ నీదే. తర్వాతి సెమిస్టర్లలో అవకాశం వస్తే తీసుకో, రాకపోతే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా విను. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకుంటేనే ఫీజు.

గేట్ సంగతి. కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో 100 మార్కులకు 15 ఆప్టిట్యూడ్, 13 మ్యాథ్స్, మిగతా 72 కోర్ సబ్జెక్టులవి. మెషిన్ లెర్నింగ్ ఆ సిలబస్‌లో లేదు. అది 2024లో మొదలైన డేటా సైన్స్, ఏఐ పేపర్‌లో ఉంది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పేరుతో కూడా ఏమీ ఉండదు, కానీ దాన్ని చదువుతుంటే ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్ మూడూ మళ్లీ తిరగేసినట్టవుతుంది. ఎం1ను ఎలాగూ వదలలేవు, ఆ 13 మార్కుల్లో లీనియర్ ఆల్జీబ్రా ఉంది.

గ్రాఫిక్స్ మీద నీకు ఆసక్తి ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు, వదిలెయ్యి.

ఫారం ఇచ్చేముందు రెండు విషయాలు కనుక్కో. ఈ సబ్జెక్టు ఎవరు చెప్తారు? తగినంత మంది రాయకపోతే దీన్ని నడుపుతారా, ఎత్తేస్తారా? క్లాసంతా ఒకవైపు పోతోందంటున్నావు కాబట్టి రెండోది ముఖ్యం. హెచ్‌ఓడీ గారిని నేరుగా అడుగు. ఆపరేటింగ్ సిస్టమ్స్ నచ్చినవాళ్లు నీతోపాటు ఇంకా ఉంటారు, వాళ్లతో ముందే మాట్లాడుకో.

ల్యాప్‌టాప్ గురించి దిగులు వద్దు. ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు చిన్న పైథాన్ ప్రోగ్రాములు మూడు పోర్టుల మీద (ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో తలుపు నంబరు లాంటిది) నడిపి, సాకెట్లతో ఒకదానికొకటి కబురు పంపించు. మధ్యలో ఒకదాన్ని ఆపేసి మిగతా రెండూ ఏం చేస్తాయో చూడు. దానికి 4 జీబీ సరిపోతుంది. నెమ్మదిస్తోందనిపిస్తే ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందేమో షాపులో చూపించి ఇంకో 4 జీబీ వేయించుకో. కొత్తది కొనమని నాన్నను ఇప్పుడే అడగకు.