కాగితాలు చేతికొచ్చాకే విల్లు

ప్రశ్న: అన్నా, మాది ఆళ్లగడ్డ. ఆగస్టులో ఎం.ఎస్.కు ఒహాయో వెళ్తున్నాను. అక్కడున్న మా బావ, స్నేహితుడితో కలిసి విల్లుతో జింకను కొట్టిన ఫొటో పంపాడు. నన్నూ తీసుకెళ్తానంటున్నాడు. మా నాన్న మాత్రం జింకను ముట్టుకుంటే జైలే, చదువు కూడా పోతుంది అంటున్నారు. వెళ్లవచ్చా?

జవాబు: తమ్ముడూ, సంక్రాంతికి నంద్యాల వచ్చి ఉన్నాను కాబట్టి మీ పక్కూరి నుంచే జవాబు రాస్తున్నాను. నాన్నగారు చెప్పింది ఆళ్లగడ్డ వరకు అక్షరాలా నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కృష్ణజింకనైనా, నల్లమల దుప్పినైనా వేటాడటం నేరం. ఆలూరు వైపు కృష్ణజింకలు మందలుగా వచ్చి పైరు మేసినా రైతు అదిలించుకోవాల్సిందే. అహోబిలం పార్వేట ఉత్సవంలో చెంచులు స్వామి పల్లకి వైపు బాణాలు వేస్తారు చూడు, మన ప్రాంతంలో చట్టం అడ్డురాని వేట అదొక్కటే.

ఒహాయోలో తెల్లతోక జింకలు ఎక్కువ. ఏటా ఎన్ని కొట్టవచ్చో ప్రభుత్వమే నిర్ణయించి అనుమతులు అమ్ముతుంది. విల్లు వేట సెప్టెంబరు చివర మొదలై ఫిబ్రవరి మొదటి దాకా సాగుతుంది. వేట లైసెన్సు, జింకకు విడిగా పర్మిట్, పొలం యజమాని రాసి ఇచ్చిన అనుమతి, ఈ మూడూ ఉండాలి. మొదటి లైసెన్సుకు వేట భద్రత కోర్సు పూర్తిచేయాలి. కోర్సు లేకుండా అప్రెంటిస్ లైసెన్సు కూడా ఇస్తారు గానీ, ఇరవై ఒక్క ఏళ్లు నిండిన లైసెన్సుదారు పక్కనే ఉండాలి. కోర్సు చేయమనే నా సలహా. కొత్త దేశంలో తెలియక చేశానంటే అధికారి వినడు, వీసా మీద ఉన్నవాడికి చిన్న కేసు కూడా పెద్ద తలనొప్పే.

తుపాకీ సంగతి మరీ జాగ్రత్త. విద్యార్థి వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, అయినా దాన్ని నమ్ముకుని సరదాకు తుపాకీ పట్టుకుని ఫొటో దిగవద్దు. విల్లుకు ఆ నిషేధం లేదు. నాకు విల్లు వేటే నచ్చడానికి ఇదొక్కటే కారణం కాదనుకో.

మొన్న నవంబరులో ఒహాయోలో నా స్నేహితుడి మేనమామ పొలంలో కూర్చున్నాం. కోత అయిపోయిన మొక్కజొన్న చేను, దాని అంచున అడవి. మనవాళ్లు పంట కాపలాకు మంచె వేసుకున్నట్టే అక్కడ చెట్టుకు ఇనుప మంచె బిగిస్తారు. నేల విడిచింది మొదలు భుజాలకు, నడుముకు పట్టీలు వేసుకుని చెట్టుకు తాడు కట్టుకోవాలి. ఈ వేటలో పెద్ద దెబ్బలు ఎక్కువగా మంచె మీద నుంచి పడటం వల్లే తగులుతాయి. అక్కడి ఆసుపత్రి బిల్లు తగిలితే జింకకన్నా నువ్వే ముందు కూలతావు.

గాలి జింక వచ్చే దిక్కు నుంచి మన మీదికి వీయాలి. అటు తిరిగిందా, మన వాసనకు ఆ సాయంత్రం అయిపోయినట్టే. పొద్దు వాలుతుండగా ఒక ఆడజింక చేలోకి దిగింది. ఎదురుగా నిలబడినంతసేపూ స్నేహితుడు నా మోచేతిని పట్టుకుని ఆపాడు. అది పక్కకు తిరిగి, తల ఒక మాను చాటుకు వెళ్లినప్పుడే నారి లాగాను. దూరం ఇరవై గజాలు. ముంగాలి వెనక, ఊపిరితిత్తుల మీదికి వదిలాను. ఒక్క గెంతు గెంతి అడవిలోకి పరుగెత్తింది.

వెంటనే దిగి పరుగెత్తాలనిపిస్తుంది. దిగకూడదు, తరిమితే అది ఇంకా దూరం పోతుంది. అరగంట ఆగి బాణం వెతికాం. దానిమీద నురగ కట్టిన గులాబీ రంగు రక్తం ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. ముదురు ఎరుపైతే కాలేయం, పచ్చటి మరకైతే పేగు, అప్పుడు గంటల తరబడి ఆగాలి. మాకు నురగే కనిపించింది. టార్చి వెలుగులో నెత్తుటి చుక్కలు పట్టుకుని వెళితే పొదల వెనక పడి ఉంది. కదిలించకముందే ట్యాగు, అంటే ఎవరు ఎప్పుడు కొట్టారో తెలిపే చీటీ, రాసి కట్టాం, అక్కడే పేగులు తీశాం. మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోగా ప్రభుత్వానికి లెక్క చెప్పాలి, ఆ రాత్రే చెప్పేశాం.

మాంసం పంచుకోవచ్చు, అమ్మడం మాత్రం నేరం. కొవ్వు తక్కువ కాబట్టి త్వరగా గట్టిపడుతుంది, సన్న సెగ మీద నెమ్మదిగా ఉడికించాలి. రాగి సంగటితో బాగుంటుంది. గదిలో శాకాహారులు ఉంటే ఉమ్మడి ఫ్రిజ్‌లో పెట్టేముందు అడుగు. నేను చూసిన గొడవల్లో వీసా గొడవలకన్నా ఫ్రిజ్ గొడవలే ఎక్కువ.

కాంపౌండ్ విల్లు, అదే మన వెన్నం జ్యోతి సురేఖ పోటీల్లో వాడే రకం, చొక్కాలా కొలతకు సరిపోవాలి. బావ విల్లు నీ చేతి పొడవుకు కుదరకపోవచ్చు. ముందు విలువిద్య మైదానంలో అద్దె విల్లుతో సాధన చెయ్యి. ఇరవై గజాల్లో వరుసగా గురి కుదిరేదాకా జీవం ఉన్నదాని మీద బాణం వేయవద్దు. మొదటి ఏడాది కోర్సుకు, సాధనకే సరిపోతుంది.

కొమ్ములు, తోలు సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాదులో దిగవద్దు. ఫొటో పంపితే ఒహాయో అని, తేదీతో సహా దానిమీదే రాసి పంపు. ఊరూ పేరూ లేని జింక ఫొటో ఆళ్లగడ్డ ఫోన్లలో తిరిగితే అటవీశాఖకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీ నాన్నగారే. బావకూ ఈ మాట చెప్పు.