వీధిలో తట్టు: ఏడు నెలల పాపకూ టీకా వేయించాలా?

ప్రశ్న: మాది విశాఖ కంచరపాలెం. పక్కింటి బాబుకు జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి పిల్లల పేర్లు రాసుకుంటున్నారు. మా మూడేళ్ల బాబుకు రెండు డోసులూ పడ్డా మళ్లీ వేస్తామంటున్నారు, ఏడు నెలల పాపకు కూడా. ‘అమ్మవారు పోసినప్పుడు సూదులేంటి’ అని అత్తయ్య. ఏం చేయమంటారు? – ఓ తల్లి

జవాబు: వేయించండమ్మా, ఇద్దరికీ. ఆలస్యం చేయొద్దు. తట్టు ఉన్న బిడ్డకు దగ్గరగా మెలిగిన 72 గంటల్లోపు ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడితే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉంది. బాబుకు అదనపు డోసు వల్ల నష్టం లేదు.

నాకు ఎక్కువ బెంగ పాప గురించే. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఈ వయసుకు తగ్గిపోతుంది, మామూలు టీకాకేమో తొమ్మిది నెలలు నిండాలి. ఆ ఖాళీలో కాపాడటానికే ఈ ‘జీరో డోసు’. 2022లో ముంబైలో తట్టు ప్రబలినప్పుడూ ఆరు నెలలు దాటిన పసివాళ్లకు ఇలాగే వేశారు. ఈ జీరో డోసు మామూలు రెండు డోసుల లెక్కలోకి రాదు. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య మరొకటి తప్పనిసరి.

పక్కింటివాళ్లకు కూడా నచ్చజెప్పండి. సిబ్బంది రక్తం అడిగితే ఇవ్వమనండి, అది తట్టేనని తేలితేనే చుట్టుపక్కల వీధుల్లో టీకాలు వేగంగా వేయగలరు. దద్దుర్ల సంగతి దాచిన ఒక్క ఇల్లు చాలు, వాళ్ల శ్రమంతా వృథా. పక్కింటి బాబుకు విటమిన్‌-ఎ రెండు రోజులు వరుసగా పట్టించాలి. కంటిచూపు, ప్రాణం రెండూ కాపాడే మందు అది. దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు బడికి, అంగన్‌వాడీకి పంపొద్దు.

అత్తయ్యగారితో గొడవ పడొద్దు. వేపాకులు పక్కన పెట్టుకోనివ్వండి. పాలు, నీళ్లు, తిండి మాత్రం ఆపకూడదని గట్టిగా చెప్పండి, పిల్లలు నీరసించేది అక్కడే.

ఏ బిడ్డకైనా ఎగశ్వాస, ఫిట్స్, మగత, పాలు తాగకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లపొర కనిపిస్తే వెంటనే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగానికి తీసుకెళ్లండి. గుమ్మం దగ్గరే ‘తట్టేమో’ అని చెప్పండి. రోగి వెళ్లిపోయాక కూడా ఈ వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది, అందుకే విడిగా కూర్చోబెడతారు. పాప టీకా కార్డులో జీరో డోసు తేదీ మర్చిపోకుండా రాయించుకోండి.