ఎనభై ఏళ్లవాళ్ల ఆల్బమ్ విని ఇంజినీరింగ్ వద్దంటున్నాడు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మావారిది బియ్యం వ్యాపారం. బాబు హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. దసరాకు వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్స్ అనే బ్యాండ్ కొత్త ఆల్బమ్ ఒకటే వినడం. "ఎనభై ఏళ్లకు ఆల్బమ్ చేశారు, ఆ సింగర్ కూడా కాలేజీ మానేసినవాడే, నాకెందుకు ఇంజినీరింగ్?" అంటాడు. మావారు "గిటార్ కూడు పెడ్తదా" అని దాన్ని అటక మీద పడేశారు. ఇద్దరికీ మాటల్లేవు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ బాబు అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పాడు.

అతను వింటున్నది 'హాక్నీ డైమండ్స్' అయ్యుంటుంది. 2023 అక్టోబరులో వచ్చింది. అప్పటికి ఆ సింగర్ మిక్ జాగర్‌కు 80 నిండాయి. అయితే వాళ్ల సొంత పాటలతో అంతకుముందు ఆల్బమ్ వచ్చింది 2005లో. మధ్యలో 2016లో ఒకటి చేసినా అన్నీ వేరేవాళ్ల పాత బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీతం) పాటలే. 18 ఏళ్లు ఆగగలిగారంటే, అరవైల నాటి పాటల కోసం టికెట్ కొని స్టేడియానికి వచ్చే జనం ఉన్నారు కాబట్టి. కాపుకొచ్చిన బత్తాయి తోట ఉన్న రైతు ఓ ఏడాది దిగుబడి తప్పినా తట్టుకుంటాడు. మీవాడు ఇంకా మొక్కే నాటలేదు.

జాగర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వదిలేసిన మాట నిజమే. కానీ 1962లో బ్యాండ్ మొదలైనప్పుడు అక్కడ చదువుతూనే పాడాడు. బ్యాండ్ నిలదొక్కుకుంటున్నప్పుడే వదిలాడు. డ్రమ్మర్ చార్లీ వాట్స్ అయితే అడ్వర్టయిజింగ్ డిజైన్ ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు వాయించినవాడు. ఇవి వాదన కోసం కాదు, మామూలుగా మాటల్లో పెట్టండి. మీవారితో చెప్పించకండి.

అసలు విషయం ఇది. ఆ ఆల్బమ్‌నే ఇంకోసారి, పనిగా వినమనండి. చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో చనిపోయాడు. ఉన్న 12 పాటల్లో రెండింట్లో ఆయన డ్రమ్స్ వినిపిస్తాయి, మిగతావి ఎక్కువగా స్టీవ్ జోర్డన్‌వి. లేని మనిషి వాయించినదాన్ని, ఉన్నవాళ్లు వాయించినదాన్ని కలిపి ఒకే ఆల్బమ్‌లా వినిపించేలా చేసింది ఎవరు? ప్రొడ్యూసర్ ఆండ్రూ వాట్, 1990లో పుట్టినవాడు. అతనితోపాటు మైకులు పెట్టినవాళ్లు, మిక్సింగ్ (శబ్దాలను కలపడం), మాస్టరింగ్ (చివరి మెరుగులు దిద్దడం) చేసినవాళ్లు. పిల్లలకు పాడేవాడొక్కడే కనిపిస్తాడు. "వీళ్లలో నువ్వు ఎవరి కుర్చీలో కూర్చుంటావు?" అని అడగండి.

సౌండ్ అంటే ఎంపీసీ వృథా కాదు. పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్ కోర్సుకు డిగ్రీతోపాటు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఈ ఒక్క మాటకే కొందరు పిల్లలు మళ్లీ పుస్తకం తీస్తారు. వాయించడమే కావాలంటే, ఏఆర్ రెహమాన్ పెట్టిన చెన్నై కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి చూడవచ్చు. ఫీజు, హాస్టల్ ఖర్చు ముందే అడిగి తెలుసుకోండి. ఇంజినీరింగ్‌లో ఈసీఈ తీసుకుంటే సిగ్నల్ ప్రాసెసింగ్ వస్తుంది, అది పనికొస్తుంది. అదే సంగీతమని మాత్రం చెప్పి చేర్పించకండి, మొదటి సెమిస్టర్‌లోనే దొరికిపోతారు.

ఎప్‌సెట్ రాశాక కౌన్సెలింగ్ దాకా కొంత ఖాళీ దొరుకుతుంది. అప్పుడు మూడు పాటలు రికార్డు చేయమనండి. మీ గుళ్లో భజన బృందం ఒకటి, డప్పు ఒకటి, తన గిటార్ ఒకటి. ఫోను, ఓ చిన్న మైకు, కంప్యూటర్‌లో ఉచితంగా వాడుకునే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. డప్పు దగ్గర మైకు పెడితే శబ్దం పగిలిపోతుంది, దూరంగా పెడితే వీధంతా వినిపిస్తుంది. అక్కడ విసుక్కుని వదిలేస్తే మీకూ అతనికీ ఒక సంగతి తెలిసిపోతుంది. నలభైసార్లు మైకు జరుపుతూ కూర్చుంటే, ఆ నలభైసార్లనూ మీవారు పక్కనుండి చూడాలి.

ముందు గిటార్ దించండి. మీ ఎండలకు అటక మీద చెక్క వంగిపోతుంది, రిపేరు ఖర్చు మళ్లీ మీవారే పెట్టాలి.