రగ్బీ యూనియన్‌ను నమ్ముకుని బతకొచ్చా? క్లబ్ ఫిజియోగా నేను చూసింది

మీ తమ్ముడికి 17 ఏళ్లు, ఫ్లాంకర్‌గా (ఎదుటివాళ్లను పడగొట్టి బంతి లాక్కునే స్థానం) బాగా ఆడుతున్నాడు, ఒక ప్రొఫెషనల్ క్లబ్ అకాడమీ రమ్మంటోంది, పంపాలా వద్దా అని అడిగారు. నేను కొన్నేళ్లు ఒక ప్రొఫెషనల్ క్లబ్‌లో ఫిజియోగా పనిచేశాను, అకాడమీ కుర్రాళ్ల నుంచి దేశం తరఫున ఆడినవాళ్ల దాకా అందరి భుజాలు, మోకాళ్లు చూశాను. నా మాట ఏంటంటే, పంపండి, కానీ చదువు మాత్రం ఆపొద్దు. ఎందుకో చెప్తాను.

ముందు డబ్బు సంగతి. రగ్బీ యూనియన్‌లో, అంటే జట్టుకు 15 మంది ఆడే రగ్బీలో, జీతం తీసుకోవడానికి అధికారికంగా అనుమతి వచ్చిందే 1995 ఆగస్టులో, అంతకుముందు దేశానికి ఆడేవాళ్లు కూడా వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్లే. అందుకే క్లబ్‌ల ఆర్థిక పునాది ఇప్పటికీ గట్టిపడలేదు. ఇంగ్లండ్‌లో వూస్టర్, వాస్ప్స్, లండన్ ఐరిష్, ఈ మూడు క్లబ్‌లూ ఒక్క 2022-23 సీజన్‌లోనే అప్పులతో పై స్థాయి లీగ్ నుంచి మాయమయ్యాయి. వాస్ప్స్ అంటే 2004లో, 2007లో యూరప్ చాంపియన్లు! అలాంటి క్లబ్ ఆటగాళ్లు కూడా సీజన్ మధ్యలో జీతం లేకుండా వేరే క్లబ్ వెతుక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ ఒక్కో క్లబ్‌కు జీతాల పరిమితి ప్రాథమికంగా 64 లక్షల పౌండ్లు, దాన్ని జట్టులో ఉన్నవాళ్లలో దాదాపు అందరూ పంచుకోవాలి, అందులో ఇద్దరు ముగ్గురు స్టార్లే పెద్ద వాటా తీసుకుంటారు. మిగతావాళ్లది మంచి జీతమే, కానీ పదేళ్లు ఆడి జన్మంతా కూర్చుని తినేంత కాదు.

కాంట్రాక్టులు సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు. చివరి ఏడాదిలో ఉన్న ఆటగాడి పరిస్థితి బయటవాళ్లకి అస్సలు తెలియదు. కొత్త కాంట్రాక్టు ఇస్తారా లేదా అన్నది చాలాసార్లు సీజన్ సగంలోనే తేలిపోతుంది, అంటే ఆ నెలల్లో గాయమైతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. భుజం పైకి ఎత్తలేకపోతూ కూడా "రిపోర్ట్‌లో రాయకండి, ఈ రెండు మ్యాచ్‌లు కానివ్వండి" అని నన్ను బతిమాలిన కుర్రాడు ఉన్నాడు. అప్పటికి అతనికి పెళ్లయి పాప కూడా ఉంది. నేను రాశాను, ఆపరేషన్ అయింది, క్లబ్ అతన్ని కొనసాగించలేదు. రాయకపోతే ఆ భుజం పూర్తిగా పోయేది కాబట్టి రాయడమే సరైన పని అని ఇప్పటికీ అంటాను, కానీ అతని తప్పేమీ లేకుండానే బతుకుదెరువు పోయిందన్నది కూడా అంతే నిజం.

మ్యాచ్ వారానికి 80 నిమిషాలే. శరీరం అరిగేది మాత్రం మిగతా రోజుల్లో కూడా. శనివారం ఆడితే ఆదివారం మంచం దిగడమే కష్టం, సోమవారం వీడియో చూడటం, తేలికపాటి కసరత్తు, మంగళవారం అసలైన ఢీకొట్టుడు, బుధవారం సెలవు, గురువారం మళ్లీ వేగంగా సాధన. పూర్తి స్థాయి కాంటాక్ట్ సాధన, అంటే ఒకరినొకరు గట్టిగా ఢీకొట్టే సాధన, వారానికి 15 నిమిషాలు దాటకూడదని 2021లో ఈ ఆటను నడిపే ప్రపంచ సంస్థ వరల్డ్ రగ్బీ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ తమ్ముడి కోచ్‌లు ఆ లెక్క పాటిస్తున్నారా అని మీరే అడగండి, అడిగే హక్కు మీకుంది.

తల దెబ్బల విషయంలో మాత్రం నేను రాజీపడను. 2003 ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు హుకర్ (ముందు వరుస మధ్యలో ఆడేవాడు) స్టీవ్ థామ్సన్ నలభై రెండేళ్లకే తనకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చిందని, ఆ ఫైనల్ ఆడిన జ్ఞాపకమే లేదని 2020లో బయటపెట్టారు. ఇప్పుడు పద్ధతులు చాలా మెరుగయ్యాయి. పై స్థాయి ఆటలో అనుమానం వస్తే ఆటగాణ్ని బయటికి తెచ్చి పరీక్షిస్తారు, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అని తేలితే ఎక్కువమందికి కనీసం 12 రోజుల విరామం ఇస్తారు, మౌత్‌గార్డ్‌లో సెన్సర్లు పెట్టి దెబ్బ తీవ్రత కొలుస్తున్నారు. అయినా ఆటగాడు లక్షణాలు దాచిపెడితే ఏ యంత్రమూ పూర్తిగా పట్టుకోలేదు. తలనొప్పిగా ఉంటే నోరు తెరిచి చెప్పడం మీ తమ్ముడికి ఇప్పట్నుంచే అలవాటు చేయండి.

ఎన్నేళ్లు ఆడతాడు అంటే, ఆడే స్థానం మీద, అదృష్టం మీద ఆధారపడుతుంది. ఒకే వేల్స్ జట్టులో ఆడిన ఇద్దర్ని చూడండి. లాక్‌గా (రెండో వరుసలో) ఆడిన ఆలన్ విన్ జోన్స్ లయన్స్‌తో (బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్లను కలిపి కట్టే జట్టు) కలిపి 170 టెస్టులు, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఆడి 37 ఏళ్లకు అంతర్జాతీయ ఆట మానేశాడు. ఫ్లాంకర్ సామ్ వార్బర్టన్ లయన్స్‌కు రెండు పర్యటనల్లో కెప్టెన్, అయినా శరీరం సహకరించక 2018లో 29 ఏళ్లకే ఆపేశాడు. మీ తమ్ముడిదీ ఫ్లాంకర్ స్థానమే. వంగి బంతి లాగుతున్నప్పుడు మెడ మీద, భుజం మీద ఎదుటివాళ్లు వచ్చి పడతారు, అందుకే ఆ భాగాలకు బలం పెంచే కసరత్తు ఇప్పుడే సరిగ్గా నేర్చుకోవాలి.

ఫ్రాన్స్, జపాన్ లీగ్‌ల్లో డబ్బు బాగుంటుంది, అది నిజమే. కానీ న్యూజిలాండ్, ఇంగ్లండ్ లాంటి దేశాలు బయట ఆడేవాళ్లను సాధారణంగా జాతీయ జట్టుకు తీసుకోవు, ఆ ఎంపిక తర్వాత వస్తుంది, ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి.

సంతకం పెట్టే ముందు అకాడమీని అడగాల్సినవి: సీజన్ మొత్తానికి గాయమైతే జీతం, వైద్యం ఎవరు ఇస్తారు, ఎంతకాలం ఇస్తారు? పరీక్షలున్న రోజుల్లో సాధనకు సెలవు ఇస్తారా? గత కొన్నేళ్లలో అకాడమీలో చేరినవాళ్లలో ఎంతమంది మొదటి జట్టుకు వెళ్లారు, వెళ్లనివాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకపోతే, అక్కడి నుంచి బయటికొచ్చిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను వెతికి పట్టుకుని వాళ్లనే అడగండి, వాళ్లు దాచరు.